సయీద్ సాబ్ కారును వెడల్పు చేసిన సంగతి

కరీంనగర్,
ఆదివారం పొద్దున.

బాపుకు,

నీ బిడ్డ సవిత దండం పెట్టి రాస్తున్నది. నాకు ఇక్కడ ఒంట్లో మంచిగానే ఉంది. అక్కడ నువ్వు, అవ్వ, తమ్ముడు మహేశ్ అందరూ బాగున్నారనే అనుకుంటున్నాను. అవ్వ మోకాళ్ల నొప్పి తగ్గిందా? పొద్దున్నే చన్నీళ్లలో చేతులు పెట్టవద్దని నేను చెప్పానని చెప్పు. నీ దగ్గు ఎలా ఉంది? కొయ్యబొమ్మలకు రంగు కొట్టేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకుంటున్నావా, లేక మెడకు వేలాడేసుకుని తిరుగుతున్నావా? మా కార్ల షెడ్డులో మాస్కు లేకుండా రంగు కొట్టే గన్ను పట్టనివ్వరు. నీకూ ఒకటి పంపుతున్నాను. మూలకు పడెయ్యకు.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని అవ్వ నవ్వుతుంది. ఫోన్‌లో నువ్వు "ఆఁ, మంచిగున్నం, తిన్నవా" అని, చేతికి రంగుందంటూ ఫోన్ ఆమెకిచ్చేస్తావు. ఈసారి చెప్పాల్సింది చాలా ఉంది. మధ్యాహ్నం అన్నం తిన్నాక మహేశ్ నీ పక్కన కూర్చుని చదువుతాడు, నువ్వు బొమ్మలకు సుద్ద పూస్తూ వింటావు. చేతిలో పనుంటేనే నువ్వు మనిషి చెప్పేది మొత్తం వింటావని నాకు తెలుసు. రాయడానికి కూర్చుంటే నాకు బడిలో నేర్పిన భాషే వస్తుంది, అవ్వను మాత్రం అమ్మ అని రాయబుద్ధి కాలేదు. చదివేటప్పుడు మహేశ్ వెక్కిరిస్తే నెత్తి మీద ఒకటి వెయ్యి.

కొత్త సంవత్సరానికి బొమ్మల ఆర్డరు పెద్దది వచ్చిందని, నన్ను అన్నీ సర్దుకుని వచ్చెయ్యమన్నావని మహేశ్ చెప్పాడు. దానికి జవాబు రాస్తాను. ముందు ఈ కారు సంగతి చెప్పనీ. ఇది చెప్పకుండా ఆ జవాబు రాయడం నాకు చేతకావడం లేదు.

ఇక్కడ చలి మొదలైంది. చలి అంటే మన దగ్గర ఉండే చలి కాదు. నిర్మల్‌లో, బోథ్ వైపు ఇంకా ఎక్కువగా, పొద్దున లేస్తే పళ్లు కొట్టుకుంటాయి కదా. ఇక్కడ జర చల్లగాలి వీస్తే చాలు, అందరూ స్వెట్టర్లు వేసుకుని చెవులకు మఫ్లర్లు చుట్టుకుంటారు. నేను చున్నీతోనే తిరుగుతుంటే చాచీ చూసి పరేషాన్ అవుతుంది. చాచీ అంటే మా ఖాజా ఉస్తాద్ భార్య. వాళ్ల ఇంటి పైగదిలోనే నేను ఉండేది. పోయిన ఏడు వినాయక చవితి విగ్రహాలకు రంగులు వెయ్యడానికి కొద్ది రోజులని వచ్చిన దాన్ని, పక్కనే ఉన్న ఈయన కార్ల షెడ్డులోకి ఎట్లా వచ్చిపడ్డానో నీకు తెలిసిందే. ఉస్తాద్ ఊరు బెల్లంపల్లి. వాళ్ల నాన్న బొగ్గు బాయిలో పనిచేసేవాడట. ఈయనకు ఆ పని దొరకలేదు, ఇక్కడికి వచ్చి కార్ల సొట్టలు తీసే డెంటర్ అయ్యాడు. అందుకేనేమో, ఊరు విడిచి వచ్చిన వాళ్లంటే ఆ ఇంట్లో ఒక మెత్తదనం ఉంది.

తిండికి లోటు లేదు. చాచీ చేసే పులుపు పప్పు నాకు అలవాటైపోయింది. కానీ రెండు పూటలా అన్నమే. జొన్నరొట్టె కోసం ప్రాణం కొట్టుకుంటుంది. వీలైతే జొన్నపిండి ఒక డబ్బా పంపించండి. బతుకమ్మ అప్పుడు మాత్రం జర కష్టమైంది. కింద గల్లీలో అందరూ ఆడుతుంటే నేను పైన కిటికీ దగ్గర నిలబడి చూశాను. పిలవక కాదు. పోతే ఏడుపొస్తుందని పోలేదు. అది అయిపోయింది, ఇప్పుడు మంచిగానే ఉన్నాను. అవ్వ దగ్గర ఈ ముక్క చదవొద్దని మహేశ్‌కు చెప్పు.

ఇక కారు.

వానాకాలం చివర్లో ఒక రోజు, లారీ మీద తాడు కట్టి తెచ్చి ఆ కారును మా షెడ్డు ముందు దించారు. రెండే తలుపులు. ముందు భాగం పొడవుగా, వెనక భాగం పొట్టిగా, నేలకు కడుపు ఆనించి పడుకున్నట్టుంది. ఒకప్పుడు ఎరుపట. ఇప్పుడు ఎండిన మిరపకాయలా ఉంది. ఇంకో వింత, స్టీరింగు ఎడమ వైపు. జపాన్‌లో తయారై, మస్కట్‌లో తిరిగిన కారు. మోటారు పందేల్లో పరుగెత్తే జాతి అని ఉస్తాద్ చెప్పాడు. నాకైతే కాళ్లు మడుచుకుని కూర్చున్న జింకలా అనిపించింది. నువ్వు చేసే జింక మెడ తిప్పి చూస్తుంది కదా, అట్లా.

కారు సయీద్ సాబ్‌ది. డెబ్బై దాటిన మనిషి. వయసులో మస్కట్‌లో ఒక పెద్ద షెడ్డులో మెకానిక్‌గా ఉండి, తిరిగొచ్చేటప్పుడు దీన్ని ఓడ మీద బొంబాయికి తెచ్చుకున్నాడు. అప్పట్లో అట్లా తెచ్చుకునే వీలుండేదట. బొంబాయి నుంచి నాందేడ్, భైంసా మీదుగా, మన నిర్మల్ మీదుగానే నడుపుకుంటూ కరీంనగర్ వచ్చానని చెప్పాడు. నిర్మల్‌లో చాయ్ తాగడానికి ఆపితే జనం మూగారట. నువ్వప్పుడు బస్టాండు దగ్గర దుకాణంలో పనిచేసేవాడివేమో. ఎడమ స్టీరింగు ఎర్ర కారు చూసిన గుర్తుందా?

ఆయనకిప్పుడు కళ్లలో నీటికాసులు. వెలుగు, నీడ తెలుస్తాయి. మనుషుల మొహాలు కనపడవు. రోజూ పదకొండు గంటలకు ఆటోలో వచ్చి, కారు పక్కన కుర్చీ వేయించుకుని, వెనక చక్రం మీది వంపు మీద చెయ్యి పెట్టుకుని కూర్చునేవాడు. ఎవరూ మాట్లాడకపోయినా ఆయనకు ఫరక్ పడేది కాదు.

బాగు చేయిస్తున్నది ఆయన కూతురు నస్రీన్ అక్క. ఆస్పత్రి ల్యాబులో పనిచేస్తుంది. తల్లి పోయి కొంతకాలమైంది, ఇంట్లో తండ్రీ కూతుళ్లే. చిన్నప్పుడు ఆ కారులో కూర్చునే హోంవర్కు చేసుకునేదట. ఇంజను సంగతి మాకంటే ఎక్కువ తెలుసు. ఆమెకు కారును పాత రూపానికి తెచ్చి ఆపెయ్యడం ఇష్టం లేదు. వైడ్‌బాడీ కావాలంది. అంటే నాలుగు చక్రాల మీదా ఫైబర్‌తో చేసిన వెడల్పు రెక్కలు తొడిగి, లోపల లావు టైర్లు ఎక్కిస్తారు. కారు భుజాలు విరుచుకుని నిలబడ్డట్టు అవుతుంది. ఆ రెక్కలను పుణె నుంచి పార్సిల్‌లో తెప్పించింది. గడ్డిలో చుట్టి వచ్చాయి. విప్పి చూస్తే పెద్ద జంతువు ఎముకల్లా ఉన్నాయి.

ఉస్తాద్ ఆమెకు ముందే రెండు మాటలు చెప్పాడు. ముందు మడ్‌గార్డులు బోల్టులు విప్పితే వస్తాయి, దాచుకోవచ్చు. వెనకవి అట్లా కాదు. కారు ఒంటితో కలిసి ఒకటే రేకు. అక్కడ కొయ్యాల్సిందే, కోస్తే మళ్లీ రాదు. ఇది మొదటిది. రెండోది, ఇంత వెడల్పు చేశాక రోడ్డు మీద తిప్పడానికి ఆర్టీవో ఒప్పుకోడు. హైదరాబాద్‌లో కార్ల షోలో పెట్టాలంటే లారీ మీద తీసుకుపోవాలి, నడపాలంటే సొంత జాగలో నడుపుకోవాలి. నస్రీన్ అక్క రెండింటికీ తలూపింది. సయీద్ సాబ్ వంపు మీది చెయ్యి మాత్రం తియ్యలేదు.

ఇంజను పని జరుగుతుండగానే పాత రంగు, పాత లప్పం తీసే పని నాకిచ్చారు. ఎమరీ కాగితంతో నీళ్లు పోస్తూ రుద్దడమే. నీ దగ్గర చిన్నప్పటి నుంచి చేసిందే కదా. చెక్క మీద చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపి పూసి, ఆరాక రుద్ది రుద్ది, అరచేతికి ఏమీ తగలకుండా చేసేవాళ్లం. ఇక్కడ లప్పం డబ్బాలో వస్తుంది, అంతే తేడా. ఆ పనిలో ఉంటే పొద్దు ఎట్లా గడుస్తుందో తెలియదు. షెడ్డు రేకుల సందుల్లోంచి ఎండ పడి, దుమ్ము అందులో మెల్లగా తేలుతుంటుంది. ఒక్కోసారి నిర్మల్‌లోనే ఉన్నాననిపిస్తుంది. తలెత్తితే నువ్వు కనపడతావనిపిస్తుంది.

ఎడమ వైపు వెనక వంపు దగ్గర రుద్దుతుంటే ఎంతకీ రేకు రాలేదు. లప్పమే వస్తున్నది. వేలు మందం, దాని కింద ఇంకా. అంటే అక్కడ ఎప్పుడో గట్టి దెబ్బ తగిలి, దాన్ని లప్పంతో నింపారన్నమాట. ఉస్తాద్‌ను పిలిచి చూపించాను. నస్రీన్ అక్క కూడా అప్పుడే డ్యూటీ నుంచి వచ్చింది. ఈ కారుకు గీత కూడా పడలేదని తండ్రి ఎప్పుడూ చెప్పేవాడట. ఆమె నవ్వుతూనే ఆయన్ను అడిగింది, ఇదేమిటని. సయీద్ సాబ్ చెయ్యి చాపాడు. నేను ఆయన వేళ్లు పట్టుకుని ఆ గుంట మీద పెట్టాను. కాసేపు తడుముతూ ఉండిపోయాడు. తర్వాత నవ్వాడు బాపూ, ఎట్లా అంటే ఎవరో చెవిలో చెప్పిన ముచ్చటకు నవ్వినట్టు.

"గిది నేను తాకిచ్చింది కాదు బేటీ," అన్నాడు. "మీ అమ్మీ తాకిచ్చింది."

నస్రీన్ అక్క వచ్చి ఆయన కుర్చీ పక్కన కూర్చుంది. వాళ్ల అమ్మ సైకిల్ కూడా ఎక్కి ఎరగదని ఆమె అనుకుంటున్నది.

ఆయన చెప్పిందంతా ఆయన మాటల్లోనే రాస్తాను, నా మాటల్లో పెడితే పాడవుతుంది.

"పెండ్లయిన కొత్తల జుబేదాకు డ్రైవింగ్ నేర్పిన. మా అమ్మకు తెల్వకుండ. పొద్దుగాల ఫజర్ నమాజ్ అయినంక డ్యామ్ దిక్కు తీస్కపోయేది. గీ బండికి స్టీరింగ్ ఎడమ దిక్కున్నది గదా. జనం డ్రైవర్ ఎవలని కుడి దిక్కు చూస్తరు. ఆడ నేను కూసున్న. ఆమె నడుపుతున్నదని ఒక్కలకు గూడ తెల్వలే. కోర్టు దాంక పోయినం, మంకమ్మతోట పోయినం, మా మామయ్య ఎదురొచ్చి నాకు సలాం కొట్టి పోయిండు. ఆమె నఖాబ్ లోపట నవ్వుడే నవ్వుడు. ఒకనాడు కట్ట దిగంగ బర్రెలు అడ్డమొచ్చినయి. తిప్పింది. రాయికి తాకింది. ఇంట్ల నేనే తాకిచ్చిన అని చెప్పిన."

తర్వాత ఎందుకు ఆపేసిందని నస్రీన్ అక్క అడిగింది. నువ్వు కడుపున పడ్డావు, అందుకే ఆపిందన్నాడు. మళ్లీ మొదలుపెడదామనుకున్నారట. ఈలోగా ఆయన తిరిగి మస్కట్ పోవాల్సి వచ్చింది. వచ్చేసరికి ఇల్లు, పిల్ల, అత్త మంచాన పడటం, అట్లా అట్లా రోజులు పోయాయి. ఎవరికీ చెప్పొద్దని అప్పుడు ఇద్దరూ ఒట్టు పెట్టుకున్నారు, ఇన్నేళ్లూ ఒట్టు అట్లాగే ఉండిపోయింది.

ఆ రోజు ఇక పని సాగలేదు. తర్వాత కూడా సాగలేదు. నస్రీన్ అక్క షెడ్డుకు రావడం మానేసింది. ఫోన్ చేసి, వెనక వైపు ముట్టుకోవద్దు, రెక్కల కిట్టు వాపస్ పంపేస్తానంది. ఆ గుంట వాళ్ల అమ్మ చేత్తో పడింది. దాన్ని కోసెయ్యమని ఏ నోటితో చెప్తానంది. ఉస్తాద్‌కు ఏం చెయ్యాలో తోచలేదు. ఎందుకంటే లప్పం తీసిన చోట రేకు మొత్తం తుప్పు. నేను వేలితో నొక్కితే అప్పడంలా విరిగింది. కోసినా కొయ్యకున్నా అది నిలిచేది కాదు. ఆ మాట ఆమెకు చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. వారం పైన ఆ కారు రంగు లేకుండా, బూడిద రంగు ప్రైమర్‌తో, అట్లా నిలబడి ఉంది. నేను వేరే బండ్లు రుద్దుతూ మధ్యమధ్య దాని వైపు చూసేదాన్ని.

చెప్పింది సయీద్ సాబే. తడిమి ఆ తుప్పు సంగతి ఆయన ముందే గుర్తుపట్టాడట. ఒక సాయంత్రం కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె కళ్లు ఉబ్బి ఉన్నాయి. ఆయన కుర్చీ వద్దని, కారు పక్కన నేల మీదే కూర్చుని, ఆమె చెయ్యి పట్టి ఆ రంధ్రంలో పెట్టించాడు.

"అబ్బా, కొయ్యొద్దు," అంది ఆమె. తండ్రిని ఆమె అట్లాగే పిలుస్తుంది. "అట్లనే ఉండనీ."

"అట్ల అంటే ఎట్ల? ఈడ ఏమున్నది ఉంచెతందుకు? నేను రోజు చెయ్యి పెట్టి కూసున్నది లప్పం మీద." ఆమె వేళ్లను తుప్పు అంచు వెంట నడిపించాడు. "మీ అమ్మీ గీ బండిని నిలవెట్టి చూసుకుందామని నేర్చుకోలే. నడుపుదామని నేర్చుకున్నది. నువ్వు నడిపెటట్టు చేసుకో."

ఉస్తాద్ అటు తిరిగి పానాలు సర్దుకుంటున్నట్టు నటించాడు. నేనూ ఎమరీ కాగితం చింపుతూ కూర్చున్నాను.

అయితే ఒక్కటడిగాడు. కొయ్యకముందు, ఇంకా రోడ్డు మీదికి పోయే హక్కున్నప్పుడే, ఒకసారి డ్యామ్ దాకా పోయి రావాలని. ఇంజను సిద్ధమే. కాగితాలు నస్రీన్ అక్క ముందే సరి చేయించి పెట్టింది.

మరునాడు తెల్లవారుతుండగా బయల్దేరాం. నస్రీన్ అక్క ఎడమ వైపు స్టీరింగు దగ్గర. సయీద్ సాబ్ కుడి వైపు. వెనక పిల్లలకే సరిపోయే సీటు ఒకటుంది, అందులో నన్ను ముడుచుకుని కూర్చోమన్నారు. వెనక నుంచి ఏదైనా చప్పుడొస్తే విని చెప్పాలి. ఉస్తాద్ మా వెనక స్కూటర్ మీద.

బాపూ, ఆ పొద్దు నీకెట్లా చెప్పాలో తెలియడం లేదు. మంచు ఎంతుందంటే రోడ్డు మా ముందు కొంచెం కొంచెంగా పుడుతున్నట్టుంది. లైట్ల వెలుగు పోయి మంచుకు తగిలి మెత్తగా తిరిగొస్తుంది. డ్యామ్ పక్కకు వచ్చాక నీళ్లెక్కడ ఆగాయో, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియలేదు. ఒక పడవ గాలిలో నిలబడ్డట్టు కనపడింది. ఇంజను చప్పుడు నా వీపులోంచి వస్తున్నది, పిల్లి గురగురలాగా. నాకు నిద్రలో ఉన్నట్టుంది, కానీ అంత మెలకువగా ఎప్పుడూ లేను. సయీద్ సాబ్ అద్దం దించి మొహం బయటికి పెట్టాడు. మలుపులు కళ్లతో కాక గాలితో గుర్తుపట్టేవాడు. ఇక్కడ ఎడమకు, ఇక్కడ దిగుడుంది, అని ముందే చెప్తున్నాడు. నస్రీన్ అక్క కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి, చేతులు మాత్రం స్టీరింగు మీద గట్టిగా ఉన్నాయి.

చాయ్ బండి దగ్గర నెమ్మది చేస్తే చాయ్ అమ్మే ఆయన మా కారు కుడి వైపు చూసి, చెయ్యెత్తి, "పాత బండి మంచిగ నడుపుతున్నరు సాబ్," అన్నాడు. సయీద్ సాబ్ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుని, సలాం తీసుకున్నాడు. జర ముందుకు పోయాక తండ్రీ కూతుళ్లు నవ్వడం మొదలుపెట్టారు. ఆపలేకపోయారు. నేను వెనక ఎందుకు నవ్వుతున్నానో తెలియకుండానే నవ్వాను. చివరికి నస్రీన్ అక్క కారును పక్కకు ఆపేసుకుని, స్టీరింగు మీద తల పెట్టి నవ్వింది. వెనక నుంచి ఉస్తాద్ స్కూటర్ మీద ఆయాసపడుతూ వచ్చి, ఏం పాడైంది, ఏం విరిగింది అని అడుగుతున్నాడు.

అదే రోజు మధ్యాహ్నం కోశారు. ఉస్తాద్ బిస్మిల్లా అని గ్రైండర్ పెట్టాడు. నిప్పురవ్వలు దీపావళి చిచ్చుబుడ్డిలా లేచాయి. నస్రీన్ అక్క కళ్లు మూసుకోలేదు. ఆ గుంట పడిన రేకు ముక్క కిందపడ్డాక, చల్లారనిచ్చి, అంచులు గుచ్చుకోకుండా నేను రుద్ది ఇచ్చాను. సయీద్ సాబ్ దాన్ని పాత పేపర్లో చుట్టుకుని, బజారు నుంచి చేప తీసుకుపోయినట్టు చంకలో పెట్టుకుని ఆటో ఎక్కాడు.

ఆ తర్వాతి పని ఎక్కువగా నాదే. పుణె నుంచి వచ్చిన రెక్కలు ఎక్కడా సరిగా కూర్చోలేదు. ఒక చోట వేళ్లు దూరేంత సందు, ఇంకో చోట రేకు మీదికి లేచి ఉండటం. ఉస్తాద్ లోపలి రేకును, బయటి రేకును కలిపి వెల్డింగ్ చేసి గట్టి చేశాడు. దాని మీద రెక్క బిగించి, సందుల్లో ఫైబర్ గుడ్డ పరిచి, రెసిన్ జిగురు పూసి, పైన లప్పం పెట్టి, వంపును నేనే తెచ్చాను. ఒక వైపుది ఒక రకంగా, రెండో వైపుది ఇంకో రకంగా వచ్చి, ఎడమ వైపు మొత్తం గీకేసి మళ్లీ చేశాను. ఉస్తాద్ చాయ్ పంపించాడు. చివరికి ఏనుగు బొమ్మ వీపు గుర్తుకొచ్చింది. నువ్వు కళ్లు మూసుకుని దాని మీద చెయ్యి జార్చి చూసేవాడివి, "కన్ను మోసం చేస్తది" అనేవాడివి. నేనూ కళ్లు మూసుకుని, తలుపు దగ్గర మొదలుపెట్టి చెయ్యి జార్చాను. ఎక్కడ ఆగితే అక్కడ రుద్దాను. అట్లా ఎన్ని పొద్దులు పోయాయో లెక్క పెట్టలేదు.

రంగు నస్రీన్ అక్క ఎరుపు వద్దంది. డ్యామ్ దగ్గర ఆ పొద్దున నీళ్లు ఉన్న రంగు కావాలంది. బూడిదా కాదు, నీలమూ కాదు. కలిపి, రేకు ముక్కల మీద కొట్టి, ఆరబెట్టి, పొద్దున్నే వాటిని డ్యామ్ దగ్గరికి తీసుకుపోయి నీళ్ల పక్కన పట్టి చూశాను. జాలరులు నన్ను చూసి పిచ్చిదనుకుని ఉంటారు. నాలుగోసారి కుదిరింది.

పోయిన శుక్రవారం నమాజ్ అయ్యాక, ఉస్తాద్‌కు తెలిసిన ఒక రైస్‌మిల్లు ఆవరణకు లారీ మీద తీసుకుపోయాం. వడ్లు ఎత్తేశారు, కళ్లమంత పెద్ద జాగ ఖాళీగా ఉంది. సాయంత్రపు ఎండలో ఊక దుమ్ము బంగారంలా లేచి ఉంది. కారును దించి మధ్యలో నిలబెట్టాం. నేనే చేసిన పని, అయినా నేనే కొత్తగా చూశాను. అంతకుముందు పడుకున్న జింక, ఇప్పుడు లేచి నిలబడి ఒళ్లు విరుచుకున్నట్టుంది.

సయీద్ సాబ్‌ను చాచీ చెయ్యి పట్టి తీసుకొచ్చింది. ఏం రంగని అడిగాడు. పొద్దుగాల డ్యామ్ నీళ్ల రంగు అబ్బా, అని నస్రీన్ అక్క చెప్పింది. ఆయన తలుపు మీద చెయ్యి పెట్టి వెనక్కి జార్చుకుంటూ పోయాడు. ఇన్నేళ్లూ ఆ చేతికి తెలిసిన దారి. పాత వంపు ముగిసే చోట చెయ్యి ఆగింది. కానీ అక్కడ కారు ముగియలేదు. చెయ్యి బయటికి పోతూనే ఉంది.

"ఇంక ఉన్నదా?" అన్నాడు.

"ఇంక ఉన్నది అబ్బా," అంది నస్రీన్ అక్క.

చెయ్యి ఆ వీపు మీదుగా ఎక్కి, దిగి, టైరు దగ్గర ఆగింది. మళ్లీ వెనక్కి వచ్చి, మళ్లీ పోయాడు. ఎక్కడా ఆగలేదు బాపూ. ఒక్క చోట కూడా చేతికి ఏదీ తగల్లేదు. చివరికి అరచేతిని దాని మీద అట్లాగే ఉంచి, కూతురి వైపు తిరిగాడు.

"గిది ఇగ నా బండి కాదు," అన్నాడు. "నీ బండి. మంచిగున్నది."

ఆమె ఎడమ వైపు ఎక్కింది, ఆయన కుడి వైపు ఎక్కాడు. ఆ ఆవరణ చుట్టూ తిరుగుతూ ఉంటే ఊక దుమ్ములో కారు కనపడుతూ మాయమవుతూ ఉంది. ఆయన మొహం కిటికీలోంచి బయటికి ఉంది. వాళ్లు దిగే దాకా మేము ముగ్గురం గోడ మీద కూర్చుని చూశాం. చాచీ పల్లీలు తెచ్చింది. చీకటి పడ్డాకే లేచాం.

ఇక నీ మాటకు జవాబు.

ఆర్డరు కోసం నన్ను రమ్మన్నావు. వస్తాను. ఈ నెలాఖరుకు వచ్చి ఆర్డరు పూర్తయ్యే దాకా నీ పక్కన కూర్చుంటాను. జింకలన్నీ నాకే ఉంచు. కానీ అది అయ్యాక తిరిగి ఇక్కడికే వస్తాను బాపూ. సర్దుకుని వచ్చెయ్యను. ఇది ఫోన్‌లో చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు. నేర్పిన పని వదిలేసి ఇనుప సామాను రుద్దుతున్నానని నువ్వు పెద్దనాన్నతో అన్నట్టు తెలిసింది. నాకు కోపం రాలేదు. నేను వదల్లేదని నీకు చూపించాలనిపించింది, అంతే. ఉస్తాద్ ఇక నుంచి షెడ్డులో వంపుల పని, రంగుల పని నా చేతికే వదిలేస్తానన్నాడు. నా గురించి ఫికర్ పెట్టుకోకు. చాచీ నన్ను కడుపులో పెట్టి చూసుకుంటున్నది. వేళకు తింటున్నాను.

నువ్వే ఒకసారి రా. జగిత్యాల మీదుగా బస్సుంది, పొద్దున ఎక్కితే మధ్యాహ్నానికల్లా దిగుతావు, ఉస్తాద్ స్కూటర్ మీద వచ్చి తీసుకుపోతాడు. కారు షోకు పోయే దాకా మా షెడ్డులోనే ఉంటుంది. అవ్వను కూడా తీసుకురా. ఆమెకు కనుచూపు మేర నీళ్లు చూడటం ఇష్టం, డ్యామ్ చూపిస్తాను.

అవ్వ కాళ్లకు, నీ కాళ్లకు మొక్కుతున్నాను. పెద్దనాన్నకు, పెద్దమ్మకు దండాలు చెప్పు. మహేశ్‌ను పరీక్షలు మంచిగ రాయమను, ఈ ఉత్తరం ఇంత దాకా చదివినందుకు అవ్వ దగ్గర ఒక లడ్డూ ఎక్కువ తీసుకోమను. మీ దీవెన నా మీద ఉంటే చాలు, ఇంకేమీ అక్కర్లేదు. జొన్నపిండి మరిచిపోకండి.

వచ్చినప్పుడు ఆ వెనక వంపు మీద కళ్లు మూసుకుని చెయ్యి జార్చి చూడు. ఎక్కడైనా తగిలితే చెప్పు, గీకేసి మళ్లీ చేస్తాను. నాకైతే ఎక్కడా తగల్లేదు.

నీ బిడ్డ,
సవిత